ఎఫ్1 నొక్కమంటోంది, బూట్ డివైస్ లేదంటోంది, వైఫై కూడా పోయింది: బోర్డు మార్చాలా?

ఒడిశా సరిహద్దులోని కాశీనగర్ నుంచి ఒకాయన అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. జెరాక్స్, ఆన్‌లైన్ దరఖాస్తులు చేసే చిన్న షాపు. నాలుగో తరం ఐ3 ప్రాసెసర్ ఉన్న పాత డెస్క్‌టాప్, విండోస్ 10. పొద్దున్న ఆన్ చేస్తే ఎఫ్1 నొక్కమంటుంది. నొక్కి బయటికొస్తే నల్ల తెర మీద ‘రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైస్’ అని, అంటే విండోస్ ఉన్న డిస్క్ దొరకలేదని ఆగిపోతుంది. తెలిసినవాళ్లు పెన్‌డ్రైవ్‌తో విండోస్ మళ్లీ ఎక్కించి ఇచ్చారు. రెండు రోజులు బాగానే నడిచి మూడో రోజు మళ్లీ అదే పాట. పైగా అప్పటినుంచి వైఫై డాంగిల్ (యూఎస్‌బీ పోర్టులో పెట్టే చిన్న వైఫై పరికరం) పనిచేయడం లేదు, పెడితే సీడీ డ్రైవ్‌లా కనిపిస్తోంది. చూసిన మెకానిక్ మదర్‌బోర్డు పోయింది, 4,500 రూపాయలు అవుతుంది అన్నారట. స్కాలర్‌షిప్ ఫారాల గడువు దగ్గర పడుతోంది, ఏం చేయమంటారు అని అడిగారు.

బోర్డు మార్చకండి. మళ్లీ ఫార్మాట్ కూడా కొట్టించకండి. మీ బోర్డు మీదున్న బటన్ సెల్ అయిపోయింది. సీఆర్2032 అంటారు, 30 నుంచి 50 రూపాయల్లో వాచీల షాపులో కూడా దొరుకుతుంది. సెల్ మార్చి, బయోస్‌లో (విండోస్ లేవకముందు వచ్చే బోర్డు సెట్టింగుల తెర) తేదీ సరిచేసి, బూట్ మోడ్‌ను యూఈఎఫ్ఐకి పెట్టండి. మీ విండోస్ అక్కడే ఉంది, లేచి వస్తుంది. వైఫైది డ్రైవర్ సమస్య, అంటే ఆ పరికరాన్ని విండోస్ చేత నడిపించే సాఫ్ట్‌వేర్‌ది. విండోస్ మళ్లీ ఎక్కించినప్పుడు పాత డ్రైవర్ పోయింది, కొత్తది ఎవరూ వేయలేదు.

ఇంత దూరం నుంచి ఇంత గట్టిగా ఎలా చెబుతున్నానంటే, మీరు చివర్లో మామూలుగా రాసిన ఒక్క మాట వల్ల. ‘రెండో రోజు రాత్రి ఉరుములు వస్తున్నాయని గోడ దగ్గర స్విచ్ ఆపేశాను’ అన్నారు చూడండి, అసలు సంగతంతా అందులోనే ఉంది.

కంప్యూటర్‌ను షట్‌డౌన్ చేసినా గోడ దగ్గర స్విచ్ ఆన్‌లో ఉంటే ఎస్ఎంపీఎస్ (లోపలి పవర్ సప్లై డబ్బా) నుంచి బోర్డుకి 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు వస్తూనే ఉంటుంది. గడియారం, బయోస్ సెట్టింగులు ఆ కరెంటు మీద బతుకుతాయి. స్విచ్ ఆపేస్తే ఆ బరువంతా సెల్ మీద పడుతుంది. సెల్‌లో సత్తువ ఉంటే ఇబ్బంది లేదు. లేకపోతే తెల్లారేసరికి బోర్డు అన్నీ మరిచిపోతుంది. తేదీ పదేళ్లు వెనక్కి వెళ్తుంది, సెట్టింగులు ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఎలా ఉన్నాయో అలా అయిపోతాయి. ఎఫ్1 నొక్కమనేది అందుకే. మన వైపు వానాకాలం నాలుగు నెలలూ రాత్రిళ్లు స్విచ్ ఆపడం, కరెంటు గంటల తరబడి పోవడం మామూలే కదా. అందుకే ఈ సెల్లు నగరాల్లో కంటే మన దగ్గర తొందరగా అయిపోతాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను కొట్టి మా పర్లాకిమిడిలో రోజుల తరబడి కరెంటు లేనప్పుడు, సరఫరా వచ్చిన వారం నా బల్ల మీదికి వచ్చిన సీపీయూ డబ్బాల్లో చాలావాటి కథ ఇదే. యజమానులంతా తుపానుకి మిషన్ కాలిపోయిందని భయపడి తెచ్చారు.

సరే, సెట్టింగులు పోతే విండోస్ ఎందుకు కనిపించదు? మీ తరం బోర్డులు రెండు రకాలుగా బూట్ అవుతాయి, అంటే విండోస్‌ని లేపుతాయి. ఒకటి పాత పద్ధతి, లెగసీ అంటారు. రెండోది యూఈఎఫ్ఐ. పెన్‌డ్రైవ్‌తో విండోస్ ఎక్కించినప్పుడు ఏ పద్ధతిలో పెన్‌డ్రైవ్ బూట్ అయితే, డిస్క్‌ని కూడా ఆ పద్ధతికే తయారుచేస్తుంది. డిస్క్‌ని భాగాలుగా విడదీసే ఆ తీరుని లెగసీ అయితే ఎంబీఆర్, యూఈఎఫ్ఐ అయితే జీపీటీ అంటారు. మీకు ఎక్కించినవాళ్లు యూఈఎఫ్ఐలో ఎక్కించి ఉంటారు. సెల్ చచ్చి బోర్డు డిఫాల్ట్‌కి పోగానే అది లెగసీలో వెతకడం మొదలుపెట్టింది. జీపీటీ డిస్క్‌లో లెగసీకి కావలసిన బూట్ కోడ్ ఉండదు, కాబట్టి బూట్ డివైస్ లేదంటుంది. డిస్క్ బాగానే ఉంది, విండోస్ బాగానే ఉంది, బోర్డు వెతికే చోటు మారింది, అంతే.

ఈ రాత్రికి పని జరగాలంటే సెల్ కొనకుండానే నడుపుకోవచ్చు. ఆన్ చేయగానే డిలీట్ కీ టకటకా నొక్కి బయోస్‌లోకి వెళ్లండి. ముందు సాటా లిస్టులో (బోర్డుకి తగిలించిన డిస్కుల జాబితా) మీ హార్డ్ డిస్క్ మోడల్ పేరు కనిపిస్తోందా చూడండి. కనిపిస్తే సగం భయం పోయినట్టే. తర్వాత తేదీ, సమయం సరిచేయండి. బూట్ పేజీలో ‘బూట్ మోడ్’ అనో ‘సీఎస్ఎం’ (లెగసీని నడిపించే సెట్టింగు) అనో ఉంటుంది. బూట్ మోడ్‌ను యూఈఎఫ్ఐకి మార్చండి, లేదా సీఎస్ఎంను డిసేబుల్ చేయండి. ఎఫ్10తో సేవ్ చేసి మళ్లీ లోపలికి వెళ్తే బూట్ లిస్టులో ‘విండోస్ బూట్ మేనేజర్’ అన్న పేరు వచ్చి ఉండాలి. అది కనిపిస్తే దాన్ని మొదటి స్థానంలో పెట్టి బయటికి రండి. సెల్ మార్చేదాకా గోడ స్విచ్ ఆపకండి. ఉరుములు వస్తే మాత్రం తప్పకుండా ప్లగ్ పీకేయండి, పొద్దున్న ఇదే తంతు ఇంకోసారి చేసుకోవచ్చు.

విండోస్ బూట్ మేనేజర్ పేరు రాకపోతే, మీ విండోస్ లెగసీలోనే ఎక్కించి ఉంటారు. అప్పుడు బూట్ మోడ్ లెగసీకే వదిలి, బూట్ వరసలో హార్డ్ డిస్క్‌ని ముందుకు తెస్తే చాలు. డీవీడీ డ్రైవో, మర్చిపోయి వదిలేసిన పెన్‌డ్రైవో ముందుంటే కూడా ఇదే మెసేజ్ వస్తుంది.

ఇంకొక సెట్టింగు ఉంది, దాన్ని తెలియక కెలకకండి. సాటా మోడ్ అని, ఏహెచ్‌సీఐ లేదా ఐడీఈ అని ఉంటుంది. విండోస్ ఎక్కించినప్పుడు ఏది ఉందో అదే ఉండాలి. అది మారితే విండోస్ లోగో వచ్చి, నీలం తెర మీద ‘ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్’ అంటుంది. నల్ల తెర పోయి నీలం తెర వస్తే కంగారు పడకండి, రెండో ఆప్షన్‌కి మార్చి చూడండి.

సెల్ మార్చడం కష్టం కాదు. ప్లగ్ పూర్తిగా పీకి, పవర్ బటన్ పదిహేను సెకన్లు నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన కరెంటు దిగిపోతుంది. పక్క రేకు విప్పి, చేత్తో సీపీయూ ఇనప భాగాన్ని ఒకసారి ముట్టుకోండి, ఒంట్లో స్టాటిక్ పోతుంది. రూపాయి బిళ్లలా మెరుస్తూ సెల్ కనిపిస్తుంది. పక్కనున్న చిన్న లోహపు కొక్కేన్ని గోటితో వెనక్కి నొక్కితే సెల్ దానంతటదే పైకి లేస్తుంది, స్క్రూడ్రైవర్‌తో పొడవక్కర్లేదు. ప్లస్ గుర్తు పైకి ఉండేలా కొత్తది పెట్టండి. మల్టీమీటర్ ఉంటే రెండూ కొలిచి చూడండి. కొత్తది 3 వోల్టులకి కాస్త పైన చూపిస్తుంది, పాతది 2.8 కంటే కింద ఉంటే పారేయాల్సిందే. షాపులో ఏళ్ల తరబడి దుమ్ముపట్టి వేలాడుతున్న పట్టీ నుంచి తీసిన సెల్ వద్దు. అలాంటిది వేసి రెండు నెలలకి మళ్లీ వచ్చినవాళ్లు నాకు తెలుసు.

కొత్త కంప్యూటర్లున్నవాళ్లు ఇది చదువుతుంటే ఒక జాగ్రత్త. విండోస్ 11 మిషన్లలో డిస్క్‌కి బిట్‌లాకర్ తాళం పడి ఉండవచ్చు. బయోస్ సెట్టింగులు మారిస్తే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ముందు ఆ కీ చేతిలో పెట్టుకుని తర్వాత మూత విప్పండి.

ఫార్మాట్ వద్దని ఎందుకు ఇంత పట్టుబడుతున్నానో చెప్పాలి. మా ఊళ్లో శుభలేఖలు అచ్చువేసే ఒకాయనకి సరిగ్గా మీలాగే అయింది. పెళ్లిళ్ల సీజన్. ఎవరో వచ్చి చూసి విండోస్ ఎగిరిపోయిందని మొత్తం డిస్క్ తుడిచి కొత్తగా ఎక్కించారు. బూట్ అయింది. తీరా చూస్తే తెలుగుకి వాడే అను ఫాంట్లు లేవు, ఒడియాకి వాడే ఆకృతి లేదు, పన్నెండేళ్లుగా దాచుకున్న కార్డు డిజైన్లు లేవు. మన సరిహద్దు ఊళ్లలో ఒకే కార్డుకి అటువైపు ఒడియా, ఇటువైపు తెలుగు వేయాలి కదా, ఆయనకి రెండు చేతులూ విరిగినట్టయింది. వారం తర్వాత మళ్లీ బూట్ కాకపోతే నా దగ్గరికి తెచ్చారు. సెల్ కొలిస్తే 1.9 వోల్టులు. ఆ డిజైన్లలో కొన్నిటిని రికవరీ సాఫ్ట్‌వేర్‌తో తీయగలిగాను, చాలావాటి మీద కొత్త విండోస్ కూర్చుంది. ఆయన బల్ల ముందు కూర్చుని పాత ఫైళ్ల పేర్లు ఒక్కొక్కటే చదువుకోవడం నాకు ఇంకా గుర్తుంది. అప్పటినుంచి నా దగ్గరికి ఏ మిషన్ వచ్చినా మొదట సెల్ కొలుస్తాను, ఫార్మాట్ అన్న మాట చివరికి గాని ఎత్తను.

సెల్ కాని సందర్భాలూ ఉన్నాయి. సాటా లిస్టులో డిస్క్ పేరే కనిపించకపోతే ముందు డేటా కేబుల్ రెండు చివర్లా తీసి గట్టిగా పెట్టండి, వీలైతే కేబుల్ మార్చి చూడండి. అప్పటికీ లేకపోయినా, డిస్క్ టిక్ టిక్ అని కొట్టుకుంటున్నా, ఇక ఆన్ ఆఫ్ చేస్తూ ప్రయోగాలు చేయకండి. అందులో కావలసిన ఫైళ్లుంటే డేటా తీసేవాళ్లకి ఇవ్వండి. డిస్క్ కనిపించి, బూట్ అయి, మరీ నెమ్మదిగా ఉంటే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చూడండి. ‘రీఅలొకేటెడ్’, ‘పెండింగ్’ సెక్టార్లు పెరుగుతుంటే డిస్క్ పోయే దారిలో ఉంది. సీఆర్‌సీ ఎర్రర్లు (డేటా దారిలో చెడిపోయిన లెక్క) మాత్రమే పెరుగుతుంటే చాలాసార్లు తప్పు కేబుల్‌ది. తెర అసలు వెలగకుండా బీప్‌లు వస్తే ర్యామ్ తీసి, బంగారు రంగు పళ్లని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి పెట్టండి. వానాకాలం తేమకి ఇది చాలా మామూలు.

ఇక వైఫై.

మొట్టమొదట తేదీ చూడండి. గడియారం 2013లో ఉంటే బ్రౌజర్‌లో ఏ సైటూ సరిగ్గా తెరుచుకోదు, ‘మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు’ అంటుంది. సైట్ల భద్రతా సర్టిఫికెట్లకి మొదలు తేదీ, గడువు తేదీ ఉంటాయి. మీ కంప్యూటర్ లెక్కలో ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు. విండోస్ అప్‌డేట్ కూడా ఇలాగే మొరాయిస్తుంది. దీన్ని చూసి వైఫై పాడైందనుకుని డాంగిళ్లు మార్చేవాళ్లు ఎందరో. మీ రెండు బాధలకీ చుట్టరికం ఇక్కడే.

డాంగిల్ సీడీ డ్రైవ్‌లా కనిపించడం జబ్బు కాదు. ఇప్పుడొస్తున్న చిన్న డాంగిళ్లలో చాలావాటికి, ముఖ్యంగా రియల్‌టెక్ చిప్ ఉన్నవాటికి, లోపలే కాస్త జాగాలో డ్రైవర్ పెట్టి ఇస్తారు. డ్రైవర్ లేని కంప్యూటర్‌కి పెడితే అది మొదట సీడీలా పరిచయం చేసుకుంటుంది. దిస్ పీసీలో ఆ సీడీ తెరిచి సెటప్ నడిపితే డ్రైవర్ ఎక్కుతుంది, ఆ తర్వాత డాంగిల్ వేషం మార్చి వైఫైగా వస్తుంది. సెటప్ అయ్యాక కూడా సీడీగానే ఉండిపోతే ఆ సీడీ మీద రైట్ క్లిక్ చేసి ఎజెక్ట్ నొక్కండి. చాలా డాంగిళ్లు ఆ దెబ్బకే మారతాయి. గుణుపురంలో చదువుకునే ఒక కుర్రాడు ఇదే కారణంగా మూడు డాంగిళ్లు కొన్నాడు. నా దగ్గరికి మూడూ సంచిలో వేసుకొచ్చాడు, మూడూ బాగానే ఉన్నాయి.

సీడీలో ఉన్న డ్రైవర్ పనిచేయకపోతే చిప్ ఏదో కనుక్కోవాలి. డిజిటల్ దరఖాస్తులు చేసే మీకు ఇది కష్టం కాదు. డివైస్ మేనేజర్ తెరవండి, పసుపు గుర్తున్న పేరు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డీటెయిల్స్, అందులో ‘హార్డ్‌వేర్ ఐడ్స్’. అక్కడ వీఐడీ (కంపెనీ గుర్తు) అని నాలుగు అక్షరాలు, పీఐడీ (మోడల్ గుర్తు) అని నాలుగు అక్షరాలు ఉంటాయి. వీఐడీ 0బీడీఏ అయితే రియల్‌టెక్, 148ఎఫ్ అయితే రాలింక్, 0సీఎఫ్3 అయితే ఏథెరాస్. చిప్ కచ్చితంగా ఏ మోడలో చెప్పేది పీఐడీ. డబ్బా మీద పేరు చూసి డ్రైవర్ దించకండి. ఒకే మోడల్ పేరుతో వెర్షన్ 1, 2, 3 అని వస్తాయి, లోపల చిప్ మారిపోతుంది. వెనకాల స్టిక్కర్ మీద ఆ వెర్షన్ చిన్న అక్షరాల్లో ఉంటుంది. కంపెనీ సైట్లో సరిగ్గా ఆ వెర్షన్‌దే తీసుకోండి. ‘మీ డ్రైవర్లన్నీ ఒక్క క్లిక్‌తో’ అనే సాఫ్ట్‌వేర్ల జోలికి పోవద్దు. మీ షాపులో జనం ఆధార్, బ్యాంకు కాగితాలు స్కాన్ చేస్తారు, అలాంటి మిషన్‌లోకి ఊరూ పేరూ లేనిది రానివ్వకూడదు.

అదే ప్రాపర్టీస్ మొదటి పేజీలో ఒక కోడ్ కూడా ఉంటుంది. 28 అంటే డ్రైవర్ లేదు, వేస్తే పోతుంది. 10 అంటే పరికరం మొదలు కాలేకపోయింది, చాలాసార్లు తప్పు డ్రైవర్. 43 అయితే డాంగిల్‌ని వేరే కంప్యూటర్‌లో పెట్టి చూడండి. అక్కడా రాకపోతే డాంగిల్ పోయినట్టే.

నెట్ లేకుండా డ్రైవర్ ఎలా దించాలి అంటారేమో. ఆండ్రాయిడ్ ఫోన్‌ని చార్జింగ్ కేబుల్‌తో సీపీయూకి కలిపి, ఫోన్ సెట్టింగుల్లో హాట్‌స్పాట్ దగ్గర ‘యూఎస్‌బీ టెథరింగ్’ ఆన్ చేయండి. విండోస్ 10 దాన్ని సాధారణంగా తనంతట తానే గుర్తుపడుతుంది. కేబుల్ చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే రకమైతే రాదు, డేటా పోయే కేబుల్ కావాలి. నెట్ వచ్చాక విండోస్ అప్‌డేట్ నొక్కి, ఆప్షనల్ అప్‌డేట్స్‌లో డ్రైవర్లు చూడండి, అక్కడే దొరికిపోవచ్చు. గడువు ముంచుకొస్తే డాంగిల్ సంగతి పక్కనపెట్టి ఈ టెథరింగ్ మీదే ఫారాలు పంపేయండి.

డ్రైవర్ పడినా మీ రౌటర్ పేరు లిస్టులో రాకపోతే రెండు కారణాలు చూడండి. పాత 150 ఎంబీపీఎస్ డాంగిళ్లు 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే పట్టుకుంటాయి, 5 గిగాహెర్ట్జ్ పేరు వాటికి కనిపించదు. రెండోది చానల్. మన దేశంలో 1 నుంచి 13 దాకా వాడొచ్చు, కానీ అమెరికా లెక్కకి తయారైన డాంగిళ్లు 11 దగ్గరే ఆగిపోతాయి. రౌటర్ ఆటోలో ఉండి 12కో 13కో వెళ్లిందంటే ఫోన్లలో వైఫై వస్తుంది, కంప్యూటర్‌లో రాదు. చానల్‌ని 1, 6, 11లో ఒకదానికి కట్టిపెట్టండి. ఇక పేరు కనిపించి పాస్‌వర్డ్ సరిగ్గా ఇచ్చినా కలవకపోతే రౌటర్ సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3లో ఒక్కదాంట్లోనే ఉందేమో చూసి డబ్ల్యూపీఏ2 కూడా ఇవ్వండి.

ఇంకో మాట, దీన్ని చాలామంది నమ్మరు. డాంగిల్‌ని వెనకాల నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టులో పెట్టకండి. యూఎస్‌బీ 3 పనిచేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రొద పుట్టిస్తుందని ఇంటెల్ వాళ్లే 2012లో ప్రచురించారు. పక్కన యూఎస్‌బీ 3 హార్డ్ డిస్క్ కూడా ఉంటే నెట్ తెగిపోతూ ఉంటుంది. పైగా సీపీయూ వెనక ఇనప రేకు, దాని వెనక గోడ, సిగ్నల్ ఎలా వస్తుంది? ముందువైపు నల్ల పోర్టులో పెట్టండి, లేదా చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో డాంగిల్‌ని బల్ల పైకి తెచ్చుకోండి.

పొద్దున్న ఆన్ చేస్తే డాంగిల్ కనిపించక, రీస్టార్ట్ చేస్తే కనిపిస్తుంటే ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే విండోస్‌లో షట్‌డౌన్ అంటే పూర్తి ఆపడం కాదు, సగం నిద్ర. రీస్టార్ట్ చేసినప్పుడే అది మొత్తం కొత్తగా మొదలవుతుంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, పవర్ బటన్ ఏం చేయాలో ఎంచుకునే చోట ఆ టిక్కు ఉంటుంది.

బోర్డుకి 4,500 అడిగారన్నారు. ఆ డబ్బు మీ దగ్గరుంటే సగంతో చిన్న ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కంటే వేగంగా నడిచే డిస్క్) కొనుక్కోండి, మిగిలింది మంచి యూపీఎస్ కోసం పక్కన పెట్టండి. నాలుగో తరం మిషన్‌కి అధికారికంగా విండోస్ 11 రాదు, ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే ఇస్తున్నారు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. జనం కాగితాలు పెట్టుకునే షాపు కాబట్టి వచ్చే ఏడాదిలో మిషన్ మార్చాల్సి రావచ్చు. అప్పుడు ఎస్ఎస్‌డీ, యూపీఎస్ రెండూ కొత్తదానికి పనికొస్తాయి. పాత బోర్డు మీద పెట్టిన డబ్బు దానితోనే పోతుంది.

రేపు సెల్ మార్చాక బూట్ లిస్టు ఫోటో ఒకటి, హార్డ్‌వేర్ ఐడ్స్ ఫోటో ఒకటి పెట్టండి. ఏ డ్రైవర్ వేయాలో పేరుతో సహా చెబుతాను. అప్పటికీ కాకపోతే పర్లాకిమిడి తెచ్చేయండి. మానిటర్, కీబోర్డు మొయ్యొద్దు, సీపీయూ ఒక్కటి చాలు. డాంగిల్ మాత్రం మరిచిపోకండి, దాని స్టిక్కర్ నేను చూడాలి.